తూకానికి అందని బరువు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. గొప్ప కోసం చెప్పే మాట కాదిది. నేను పుట్టి పెరిగిన ఇంటి పెరటి గోడకు అవతల సమాధుల తోట ఉండేది. మా అమ్మ ఉతికిన బట్టలు ఆ గోడ మీదే ఆరేసేది. గాలికి ఎగిరి అవతల పడ్డ చొక్కాలను నేనే వెళ్ళి శిలువల మీద నుంచి ఏరుకొచ్చేవాణ్ని. చనిపోయినవాళ్ళు చాలా మర్యాదస్తులైన పొరుగువాళ్ళని మా నాన్న అనేవాడు. నా అనుభవమూ అదే.

నేను చేసిన ఉద్యోగం కూడా భయాలకు చోటిచ్చేది కాదు. బజార్లలో కాటాలు, తూకపు రాళ్ళు, లీటరు కొలతలు సరిగ్గా ఉన్నాయో లేవో తనిఖీ చేయడం నా పని. ఒకసారి ఒక ధాన్యం వ్యాపారి, తన కాటాకు గాలి సోకిందని, ఏమీ పెట్టకుండానే ముల్లు వాలుతోందని, దానికి నిమ్మకాయలు కట్టించాడు. తట్ట తిరగేసి చూస్తే అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంది. అంటించిందెవరో ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఎవరు ఏ వింత చెప్పినా ముందు తట్ట అడుగున చూడాలన్నది అప్పటి నుంచి నా పద్ధతి.

ఈ కారు విషయంలో కూడా ముందు అడుగునే చూశాను. అక్కడ ఏమీ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చిన్న వయసు నుంచి డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెబుతానన్న అనుమానం అక్కర్లేదు.

నేను ఆ కారు కొన్నది 2011 వేసవిలో. అప్పటికి నేను రిటైరై, శంషాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. నా భార్య సుగుణకు మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో కూర్చుంటే ప్రతి గుంతకూ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఏ ఆదివారమూ చర్చి మానని మనిషి, ఆ ఏడు గుడ్ ఫ్రైడే నాడు కూడా ఇంట్లోనే కూర్చుని పాటల పుస్తకం తిరగేసింది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా తోచింది. కొత్త కారు మా శక్తికి మించినది. పాతదైనా సరే, సీటు ఎత్తుగా, తలుపు వెడల్పుగా ఉన్న బండి కావాలనుకున్నాను. అంటే అంబాసిడరే.

విమానాశ్రయం కోసం ఖాళీ చేయించిన ఊరి వాళ్ళకు ఇళ్ళ స్థలాలిచ్చిన కాలనీ ఒకటి మాకు దగ్గర్లోనే ఉంది. అక్కడ ఒక ఖాళీ ప్లాటులో, చిరిగిన ప్లాస్టిక్ పట్టా కింద, ఆ కారు కనిపించింది. టైర్లలో గాలి లేదు. ముందు అద్దం మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే దాని మీద ఎవరో పిల్లలు అష్టాచెమ్మా గళ్ళు గీసుకున్నారు. అడుగు రేకు తుప్పుపట్టి, కన్నంలోంచి వయ్యారిభామ మొక్క పెరిగి స్టీరింగు దాకా వచ్చింది. డిక్కీలో కోడి పొదిగిన గూడు ఉంది.

యజమాని పేరు యాదయ్య. నలభై దాటిన మనిషి, సరుకు గోదాములో కాపలా ఉద్యోగం. తండ్రి కొన్న బండి అని చెప్పాడు. తండ్రి పోయాక అన్నదమ్ములకు పడక, బాగుచేయించే పని నీదంటే నీదని ఎవరూ ముట్టుకోలేదట. పాత ఇనుము కొనేవాడు ఇచ్చే ధర కంటే కాస్త ఎక్కువ ఇస్తానంటే వెంటనే ఒప్పుకున్నాడు. తాళం చెవి నా చేతిలో పెట్టినప్పుడు అతని ముఖంలో కనిపించింది సంతోషం కాదు, బరువు దిగిన తేలిక. దాని గురించి అప్పుడు ఆలోచించలేదు.

బండిని ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. సుగుణ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసింది.

"కోడి గూడ వద్దని దిగిపోయిన బండి. దీంట్ల నన్ను ఎక్కిస్తరా?" అంది.

"వచ్చే క్రిస్మస్‌కు నువ్వు దీంట్లనే చర్చికి పోతవు," అన్నాను.

ఆ మాట అనేశాను కాబట్టి ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

ఆ వేసవంతా నాకు పండగలా గడిచింది. చేతికి పని దొరికిన మనిషికి వయసు గుర్తు రాదు. కారులో ఉన్న ప్రతి వస్తువునూ విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి, వరండాలో వరసగా పేర్చాను. ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకేసి కొత్తవి నేనే లాగాను. సీట్ల లోపలి స్ప్రింగులు బయటకు తీసి, తెగినవి మార్చి, కొబ్బరిపీచు పరిచి, కొత్త రెగ్జిను కుట్టించాను. సుగుణ మోకాళ్ళను తలుచుకుంటూ వెనక సీటును అరచేయంత ఎత్తు పెంచాను. అడుగు రేకు కోసి కొత్తది వెల్డింగు చేయించాను. తలుపులు ఎంత చక్కగా కుదిరాయంటే, వేలితో నెడితే చాలు, పెట్టె మూత పడినట్టు మెత్తగా పడేవి. ఇప్పటికీ ఆ చప్పుడు తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంజను పని మా సందు చివర షెడ్డు పెట్టుకున్న జంగయ్య చూశాడు. మంచి పనివాడే, కానీ నోరు ఊరుకోదు. "పెద్దసారూ, గింత కష్టం పెండ్లాం మీద పెడితే ఎప్పుడో దేవతయ్యేది," అనేవాడు. సుగుణ లోపలి నుంచి, "జర గట్టిగ చెప్పు జంగయ్యా, ఇనబడుతలేదు ఆయనకు," అనేది.

ఇంజను మొదటిసారి అంటుకున్న రోజు సందులో వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. నల్లటి పొగ ఒక్కసారి కక్కి, తర్వాత నెమ్మదించి, దూరం నుంచి వినిపించే పిండి మరలా ఆడింది. మీగడ రంగు వేయించాను. నా ఉద్యోగంలో ఎన్నో కాటాలను సరిచేశాను. చచ్చిపోయిన వస్తువును లేపి నడిపించడం అదే మొదటిసారి.

రంగు ఆరాక కారు కడుగుతున్నప్పుడు గమనించాను. పైన పోసిన నీళ్ళన్నీ వెనక ఎడమ మూలకే పోతున్నాయి.

వరండా ముందున్న గచ్చు సమంగా ఉందని నాకు తెలుసు. నేనే దగ్గరుండి వేయించాను. అయినా మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం తెచ్చి రెండు వైపులా పట్టి చూశాను. గచ్చులో తేడా లేదు. కారు మాత్రం వెనక ఎడమ పక్కన రెండు వేళ్ళ మందం కిందికి ఉంది. వెనక సీటులో ఎడమ చివర ఒక మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా.

జంగయ్య వచ్చి కిందికి దూరి చూశాడు. వెనక చక్రాల మీద బండి బరువును మోసేవి కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలు. ఎడమ కట్ట అలిసిపోయిందని తేల్చాడు. రెండూ విప్పి, కొలిమిలో కాల్చి వంపు సరిచేయించి, మళ్ళీ బిగించాం. బండి దించగానే ఎడమ పక్క మెల్లగా కుంగింది.

ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చమన్నాను. తప్పు కట్టలో ఉంటే ఇప్పుడు కుడి పక్క కుంగాలి. మార్చాం. ఎడమ పక్కే కుంగింది. టైర్లు మార్చి చూశాం. బాడీ వంకర పోయిందేమోనని అడుగునంతా మూల నుంచి మూలకు తాడు పట్టి కొలిచాను. ఏ వంకరా లేదు.

"సారూ, దీనికి నడుమునొప్పి. జండూబామ్ రాయాలె," అన్నాడు జంగయ్య. కానీ ఆ రోజు అతని నవ్వులో మునుపటి ఊపు లేదు.

ఈలోగా రవాణా ఆఫీసులో తనిఖీ రోజు వచ్చింది. బండి కాగితాల గడువు అప్పటికే దాటిపోయింది. తనిఖీలో నెగ్గితేనే రోడ్డు మీద తిరగడానికి మళ్ళీ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నెగ్గకపోతే నా వేసవంతా తుక్కు కింద పోయినట్టే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. ఇంజను విన్నాడు, లైట్లు చూశాడు, తలుపు వేసి తీసి మెచ్చుకున్నాడు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చూసి తల అడ్డంగా తిప్పాడు. "ఒక పక్కకు ఒరిగింది సార్. మలుపులో ప్రమాదం. సరిచేసి ఇంకొక్కసారి తీసుకురండి," అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ని.

ఇంకో తేదీ రాసిచ్చారు. ఇంటికొచ్చాక, చర్చికి కాకపోయినా కనీసం సీటులో కూర్చుని చూడమని సుగుణను అడిగాను. మా ఆవిడ భారీ శరీరం గల మనిషి. ముందు కుడి వైపు ఎక్కింది. బండి కుడి పక్క కిందికి దిగింది. అది సహజం. దిగి, చుట్టూ తిరిగి, ఎడమ వైపు ఎక్కింది.

బండి ఒక్క గోరంత కూడా దిగలేదు.

నేను గొట్టం పట్టుకుని కూర్చునే ఉన్నాను. గొట్టంలో నీళ్ళు కదలనే లేదు. దిగమన్నాను, మళ్ళీ ఎక్కమన్నాను. "ఏంది, నా బరువు లెక్కకే రాదా మీ బండికి?" అని నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

మర్నాడు బండిని సందు దాటించి ధర్మకాంటాకు తీసుకెళ్ళాను. గోదాములకు వచ్చే లారీలను తూచే పెద్ద కాటా అది. అక్కడి మేనేజరు నా ఉద్యోగం రోజుల నుంచి పరిచయం. ముందు కాటాను పరీక్షించాను, ఒక మూల నిలబడి, ఇంకో మూల నిలబడి. అది సరిగ్గానే ఉంది. బండిని మొత్తంగా తూచాను. ఖాళీ అంబాసిడర్ ఎంత తూగాలో అంతే తూగింది. తర్వాత ఎడమ చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించాను. ఆపైన కుడి చక్రాలు మాత్రమే. రెండూ సమానం.

ఇది చదివేవాళ్ళకు చిన్న విషయంగా అనిపించవచ్చు. తూకాలతో బతికినవాడికి కాదు. ఎడమ పక్క బరువు ఉందని కమాను చెబుతోంది. లేదని కాటా చెబుతోంది. రెండింటినీ నేనే పరీక్షించాను, రెండింటిలో ఏదీ అబద్ధమాడటం లేదు. కుంగింది నిజం, కుంగదీసిన బరువు లేదు. ఆ రోజు డైరీలో తూకాలు రాసి, కారణం రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాను.

జంగయ్య ఒక ఉపాయం చెప్పాడు. తనిఖీ రోజు ఎడమ కమాను కింద రబ్బరు ముక్క దోపితే బండి లేచి నిలబడుతుంది, ఇన్‌స్పెక్టర్ చూశాక తీసేయొచ్చు. వద్దన్నాను. "ఎందుకు సారూ, అందరు చేసేదే," అన్నాడు. అందరూ చేసేదేనని నాకూ తెలుసు. అలాంటి ముద్దలు పట్టుకోవడానికే నాకు జీతమిచ్చారు. ఇప్పుడు నా బండి కింద నేనే దోపలేను.

ఇక మిగిలింది ఒక్కటే. ఎప్పుడైనా ఏదైనా గుద్దిందేమో, నా కొలతలకు అందని దెబ్బ ఏదైనా తగిలిందేమో యాదయ్యనే అడగాలి. అతని ఇంటికి వెళ్ళాను.

యాదయ్య మంచి మనిషి, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. "దెబ్బనా? మా బాపు ఉన్నన్ని దినాలు గా బండికి గీత గూడ పడనియ్యలే సార్. తనకు నడుపరాదు గని, మేం నడుపుతుంటే ఎనకాల కూసోని 'మెల్లగ, మెల్లగ' అని పానం తీసేటోడు," అన్నాడు.

అతని తల్లి మల్లమ్మ మూలన మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులు ఆపకుండానే అడిగింది.

"ఏ పక్క ఒరిగింది సారూ?"

"ఎనక. ఎడమ పక్క."

ఆమె చేతులు ఆగాయి. "గాడనే కూసునేటోడు," అంది.

యాదయ్య కసురుకున్నాడు. "ఊకో అవ్వా. సారు చదువుకున్నోడు. ఏమనుకుంటడు?"

"ఏమన్న అనుకోని. చెప్పకపోతే ఎట్ల ఎరుకైతది?" అని ఆమె చెప్పిందంతా ఇది.

వాళ్ళ పొలం విమానాశ్రయంలో పోయింది. వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టి, పెద్దాయన ముచ్చటపడి ఆ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. విమానాశ్రయానికి వేస్తున్న పెద్ద రోడ్డు సరిగ్గా వాళ్ళ పొలం మీదుగా వెళుతుందని అప్పటికే తెలుసు. ఆయన కోరిక ఒక్కటే. రోడ్డు తయారవగానే, సొంత బండిలో కూర్చుని సొంత పొలం మీదుగా ఒక్కసారి పోవాలి. రోడ్డు తెరవక ముందే ఆయన పోయాడు.

దినాల్లో పిట్టకు పెట్టారు. అంటే చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిపడ్డాడని లెక్క. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, అదేమిటో తలుచుకుని, తీరుస్తామని మాట ఇస్తారు. ఆ రోజు మటన్ పెట్టారు, కల్లు పెట్టారు, బీడీ కట్ట పెట్టారు. కాకులు చుట్టూ తిరిగాయి కానీ ముట్టలేదు. ఎండ నెత్తికెక్కింది. చివరికి యాదయ్య విస్తరి ముందు నిలబడి, "బాపూ, రోడ్డు పడంగనే నిన్ను నీ బండిల పొలం మీదికెళ్ళి తీస్కపోత," అన్నాడు. ఆ మాట పూర్తవుతుండగానే కాకి వాలింది.

"మరి తీసుకపోయిండ్రా?" అని అడిగాను.

యాదయ్య తల దించుకున్నాడు. "పోయినం సార్. గప్పటికే బండి స్టార్టు అయితలేదు. తమ్ముడు బాగు చేపియ్యడు, నేను చేపియ్య. మా దోస్తు క్యాబు కిరాయికి తీస్కోని, బాపు ఫోటో ముందట పెట్టుకోని పోయొచ్చినం. ఏసీ బండి సార్, మంచిది."

"ఏసీ బండి!" అంది మల్లమ్మ. "ఇచ్చిన మాటేంది, తీస్కపోయిన బండేంది? మీ బాపు పరాయోళ్ళ బండిల ఎక్కేటోడా? తన బండిలనే కూసున్నడు, ఇంకా తీస్కపోతరని."

నేను చాయ్ కప్పు కింద పెట్టాను.

"సారూ," అందామె, "బండి ఇప్పుడు నీది. నీ ఇష్టం. ఒక్కపారి పోయొద్దమా?"

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. నా విశ్వాసంలో ఇలాంటి వాటికి తావు లేదు. పోయిన ఆత్మ ప్రభువు దగ్గర ఉంటుంది, అంబాసిడర్‌లో కూర్చోదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. కాగితాలు లేని బండిని విమానాశ్రయం రోడ్డు మీద నడిపితే పట్టుకుంటారు, తనిఖీ దాకా కూడా పోదు. తనిఖీ రోజున మాత్రం ఆఫీసువాళ్ళు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంటుంది, ఆ ఒక్క రోజు రోడ్డెక్కవచ్చు.

సుగుణకు అంతా చెప్పాను. ఆమె ప్రార్థనలో నాకంటే గట్టి మనిషి. కోప్పడుతుందనుకున్నాను.

"పూజ చేయమన్నరా మిమ్మల్ని?"

"లేదు."

"దండం పెట్టమన్నరా?"

"లేదు. ఒకసారి తీసుకపోయి తీసుకరమ్మంటున్నరు."

"ముసలామెను ఒకసారి బండిల తిప్పుడు ఏ వాక్యంల తప్పని రాసుంది? పోయిరాండ్రి," అంది.

తనిఖీ రోజు ఉదయమే కాలనీకి వెళ్ళాను. యాదయ్య ముందు సీటులో నా పక్కన కూర్చున్నాడు. మల్లమ్మ మంచి చీర కట్టుకుని వచ్చి వెనక కుడి తలుపు దగ్గర నిలబడింది. ఎడమ పక్క ఖాళీగా ఉంచి కుడి చివర ఒదిగి కూర్చుంది. ఆమె చేతిలో ఏమీ లేదు.

"ఫోటో తెచ్చుకోలేదా అమ్మా?" అన్నాను.

"ఫోటో ఎందుకు సారూ," అంది. "మనిషే ఉన్నడు గద."

నేను బండి కదిలించాను. ఆ రోడ్డు మీద నా బండి ఎలా నడిచిందో చెప్పకుండా ఉండలేను. అప్పుడే షోరూం నుంచి తీసిన కొత్త బండిలా, ఎక్కడా ఒక్క గిలక చప్పుడు లేకుండా, పచ్చగడ్డి, పూలమొక్కల మధ్య సాగింది. పక్క నుంచి దూసుకుపోతున్న క్యాబుల డ్రైవర్లు కొందరు తలలు తిప్పి చూశారు. ఆ పరిస్థితిలో కూడా నాకు గర్వంగానే ఉంది.

కొంత దూరం పోయాక మల్లమ్మ మెల్లగా పొమ్మంది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. నాతో కాదు, కొడుకుతో కాదు.

"గిదో, గీడ మన బాయి. చూసినవా, పూడ్చిండ్రు. గా కంబం కాడ సీతాఫలం చెట్టు. నువ్వు నాటిందే. గీ పూలు ఎందుకేసిండ్రో, మక్కలేస్తే మంచిగ వచ్చేది గీ నేలల."

యాదయ్య కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. అతని భుజాలు కదలడం నాకు కనిపించింది. అద్దంలో వెనక సీటు చూడాలని ఉన్నా చూడలేదు. భయపడి కాదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే తొంగిచూడటం పద్ధతి కాదనిపించింది. నాకు అలా అనిపించిందన్న మాటే ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది.

మరీ నెమ్మదిగా పోతున్నామని గార్డు ఒకతను ఈలవేసి హిందీలో అదిలించాడు. "జర ఠైరో భాయ్, మా పొలం చూస్కుంటున్నం," అన్నాడు యాదయ్య. అతనికి అర్థమైందో లేదో, చేయి ఊపి పొమ్మన్నాడు.

చుట్టు తిరిగి వెనక్కి వచ్చాం. వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు పొలం రెండో సగం పడింది. అది కూడా పూర్తిగా చూపించింది. చివరికి, "ఇగ చాలు సారూ," అంది.

కాలనీలో బండి ఆపాను. మల్లమ్మ తన వైపు దిగి, బండి చుట్టూ నడిచి, ఎడమ తలుపు తీసింది. తీసి, పట్టుకుని నిలబడింది. నిదానంగా దిగే పెద్దమనిషి కోసం ఎంతసేపు నిలబడతామో అంతసేపు. తర్వాత తలుపు మూసి, నా వైపు తిరిగి, "నీ పిల్లలు సల్లగుండాలె," అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి నేరుగా తనిఖీకి వెళ్ళాను. దారిలో ఎక్కడా ఆపలేదు, దిగి చూడలేదు. చూస్తే ఏముంటుందోనని కాదు, ఏమీ మారి ఉండదని. అదే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. వంగాడు, లేచాడు, అటు తిరిగి ఇటు తిరిగి చూశాడు.

"కొత్త కమాన్లు వేయించారా సార్? బాగా కుదిరాయి."

"లేదండి. అవే," అన్నాను. ఆయన సంతకం చేశాడు.

ఇంటికొచ్చి నీళ్ళ గొట్టం పట్టాను. రెండు పక్కలా ఒకే మట్టం. నమ్మలేక మళ్ళీ పట్టాను. సాయంత్రం జంగయ్య వచ్చి, ఒంటికన్ను మూసి బండిని వెనక నుంచి చూసి, ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏ షెడ్డుకు తీస్కపోయినవ్ సారూ?"

"ఎక్కడికీ లేదు."

"నాకు చెప్తవా? చేపిస్తే చేపిచ్చినవ్. నా మీద నమ్మకం లేకుంటే మొకం మీద చెప్పొద్దా?" అని రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పాక కూడా, ఇంకో మెకానిక్ పేరు దాచడానికే ఆ కథ అల్లానని అతని అనుమానం.

నా వైపు నుంచి చెప్పగలిగిన కారణాలన్నీ ఆలోచించాను. కొత్తగా బిగించిన కమాను ఎక్కడో పట్టేసి, ఆ రోజు నడకలో వదులైందనవచ్చు. కానీ అంతకు ముందు ఆఫీసు దాకా ఒకసారి పోయొచ్చాను, ఆ దారి గుంతల ముందు విమానాశ్రయం రోడ్డు అద్దంలాంటిది. పట్టేసిందే నిజమైతే కట్టలు అటుదిటు మార్చినప్పుడు ఎందుకు వదలలేదు? సుగుణ బరువును ఎందుకు లెక్కచేయలేదు? నాకంటే తెలిసిన ఇంజనీర్లను ఇద్దరిని అడిగాను. ఒకాయన నా గొట్టంలో గాలి బుడగ ఉందన్నాడు. ఇంకొకాయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నమ్మకుండా ఆ రెండు వేళ్ళ ఎత్తును ఎలా లెక్కకట్టాలో కూడా తెలియదు.

క్రిస్మస్ దాకా ఆగలేదు. కాగితాలు చేతికొచ్చిన మొదటి ఆదివారమే బండి గుమ్మం ముందు నిలిపి, ఎడమ వెనక తలుపు తీసి పట్టుకున్నాను. సుగుణ తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంది. కమాన్లు సన్నగా మూలిగాయి. బండి ఎడమ పక్క రెండు వేళ్ళు కిందికి దిగింది.

"అయ్యో, నేను కూసుంటే కుంగింది," అంది కంగారుగా.

"కుంగాలె," అన్నాను. "గట్లనే కుంగాలె."

చర్చి ముందు దిగినప్పుడు పదిమంది చుట్టూ మూగి, బండిని తట్టి చూసి, ఎవరు బాగుచేశారని అడిగారు. నేనే అని చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏ పని వల్ల అది బాగైందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.